లైనరా, స్తంభమా? వంశధార ఇసుకలో కాంక్రీటు నింపిన ఉక్కు గొట్టం లెక్క

నది మీద వంతెనకి పైల్ (నేలలోకి లోతుగా దింపే పునాది స్తంభం) వేసేటప్పుడు అన్నిటికంటే ముందు దిగేది ఉక్కు గొట్టం. వైబ్రో హ్యామర్ దాన్ని ఇసుకలోకి దింపుతుంది. రిగ్ లోపలి మన్ను తోడుతుంది, ఊచల కేజ్ దిగుతుంది, ట్రెమీ పైపు గుండా పోసిన కాంక్రీటు అడుగు నుంచి పైకి తేలుతూ వస్తుంది. పని అయ్యాక గొట్టం ఊసు ఇంకెవరూ ఎత్తరు. డ్రాయింగులో దాని పేరు పర్మనెంట్ లైనర్, డిజైను లెక్కలో దాని బలం సున్నా. శ్రీకాకుళంలో నాగావళి, వంశధారల మీదైనా, విజయనగరంలో చంపావతి మీదైనా పైల్ పునాది అనగానే మన ఇంజినీర్ల మనసులో మెదిలే పద్ధతి ఇదే.

అమెరికా పశ్చిమ తీరంలో ఇలాంటి గొట్టాన్నే నిర్మాణంలో భాగంగా లెక్కగడతారు. అలాస్కా వంతెనల్లో కాంక్రీటు నింపిన ఉక్కు పైపులు నేలలోంచి నేరుగా లేచి పైదూలాన్ని మోస్తాయి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ రోడర్, డాన్ లేమన్‌ల బృందం ఇలాంటి గొట్టాలను ఏళ్ల తరబడి వంచి, విరిచి పరీక్షించింది. అక్కడి వంతెనల నిబంధనల్లో ఆ ఫలితాల ముద్ర ఉంది. వాళ్లను అటు నడిపించింది భూకంపం. అటూ ఇటూ ఊగినా ఒక్కసారిగా విరగని స్తంభం వాళ్లకు కావాలి. 2016 నాటి భూకంప నిబంధన ఐఎస్ 1893 పటంలో మన రెండు జిల్లాలూ జోన్ 2లో, అంటే అన్నిటికంటే తక్కువ తీవ్రత ఉన్న ప్రాంతంలో ఉన్నాయి. కాబట్టి అమెరికా కారణాన్ని ఇక్కడికి అరువు తెచ్చుకోనక్కర్లేదు. మన కారణాలు వేరు: వరద కోత (ప్రవాహం స్తంభం చుట్టూ ఇసుకని కొట్టుకుపోవడం), తుపాను, ఉప్పు. మొదటి రెండూ గొట్టాన్ని లెక్కలోకి తీసుకోమంటాయి, మూడోది వద్దంటుంది. ఈ తగవు పైల్ పొడవునా ఒక్కో మట్టంలో ఒక్కోలా తేలుతుంది. అందుకే గొట్టాన్ని మొత్తంగా లెక్కగట్టడమూ, మొత్తంగా వదిలేయడమూ రెండూ తప్పుదారులే.

అయిదు శాతం ఉక్కు, సగానికి పైగా దృఢత్వం

ఒక ఉదాహరణ తీసుకుందాం. బయటి వ్యాసం 1200 మి.మీ., గోడ మందం 16 మి.మీ., ఉక్కు ఈ250 (చదరపు మి.మీ.కి 250 న్యూటన్ల దగ్గర లొంగేది), లోపల ఎం35 (చదరపు మి.మీ.కి 35 న్యూటన్ల బలమున్న) కాంక్రీటు. గొట్టం అడ్డుకోత వైశాల్యం సుమారు 59,500 చ.మి.మీ. మొత్తం వైశాల్యంలో ఇది 5.3 శాతమే. కానీ ఈ ఉక్కంతా వంపు ఎక్కువగా పనిచేసే అంచున ఉంది. ఉక్కు వంపు దృఢత్వం, అంటే వంగకుండా నిలిచే గుణం, సుమారు 2,090 మెగాన్యూటన్–చదరపు మీటర్లు. పగుళ్లు లేవనుకుంటే కాంక్రీటుది 2,700. పగుళ్లకు కోత వేసి, ఉక్కు, కాంక్రీటు కలిసిన నిర్మాణాల యూరప్ నిబంధన యూరోకోడ్ 4 చెప్పినట్టు కాంక్రీటు వాటాలో 0.6 వంతే లెక్కిస్తే మొత్తం 3,710 దగ్గర తేలుతుంది. అమెరికా ఉక్కు కోడ్ సూత్రం వేరు, దాని ప్రకారం 3,730. రెండు దారుల్లోనూ మొత్తం దృఢత్వంలో ఉక్కు వాటా 56 శాతం.

బలం సంగతీ ఇంతే. గొట్టం ఒక్కటే పూర్తిగా లొంగేదాకా వంగితే మోసే మూమెంట్ (వంచే ప్రభావం) సుమారు 5,600 కిలోన్యూటన్–మీటర్లు. కాంక్రీటు నింపితే, పైనుంచి బరువేమీ లేకపోయినా, అది 7,000కి చేరుతుంది. కేజ్ ఊచలు ఇందులో కలపలేదు. ఈ పెరుగుదల కంటే కాంక్రీటు చేసే అసలు మేలు ఇంకొకటి ఉంది. ఖాళీ గొట్టాన్ని వంచితే నొక్కుడు వైపు గోడ లోపలికి ముడుచుకుపోతుంది. లోపల గట్టి కాంక్రీటు ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. గోడ బయటికి ఉబ్బాల్సిందే, దానికి చాలా ఎక్కువ వంపు కావాలి. లొంగిన తర్వాత కూడా చాలాసేపు బలం నిలబడటానికి మూలం ఇదే.

అయితే గోడ మరీ పలచగా ఉంటే బయటికి ఉబ్బడం కూడా తొందరగానే మొదలవుతుంది. అందుకే ప్రతి కోడూ వ్యాసాన్ని మందంతో భాగించి దానికో హద్దు పెట్టింది. ఈ250 ఉక్కుకి యూరోకోడ్ హద్దు సుమారు 85, అమెరికా వంతెనల కోడ్ హద్దు 120. మన 16 మి.మీ. గొట్టం నిష్పత్తి 75, రెండిటికీ లోబడింది. 12 మి.మీ. అయితే 100. అట్లాంటిక్‌కి ఒక ఒడ్డున పాస్, రెండో ఒడ్డున ఫెయిల్. మన వంతెన పునాదుల కోడ్ ఐఆర్‌సీ 78లో లైనర్ కనీస మందం 6 మి.మీ. ఇదే వ్యాసానికి ఆ నిష్పత్తి 200. ఏ హద్దుకీ దగ్గరలో లేదు. కాబట్టి ఇప్పటికే దిగి ఉన్న లైనర్లను తర్వాత తీరిగ్గా బలం కింద జమ వేసుకోవచ్చనే ఆశ నిలవదు. ఆరు మి.మీ. లైనర్ కాంక్రీటు పోసేదాకా మన్నుని ఆపుతుంది, ఆ తర్వాత కాంక్రీటుని కోత రాపిడి నుంచి కొంతకాలం కాపాడుతుంది. దాని ఉద్యోగం అంతవరకే.

అలాగని దాన్ని లెక్కలోంచి తీసేస్తే ప్రవర్తనలోంచి కూడా తప్పుకుంటుందా? తప్పుకోదు. గట్టిగా ఉన్న పైల్ పక్కదాని కంటే ఎక్కువ పక్కబలాన్ని తనవైపు లాక్కుంటుంది. బేరింగులు లేకుండా పైదూలంతో ఏకంగా పోసిన వంతెనల్లో వేసవి ఎండకి డెక్ సాగుతుంది. ఆ సాగుదలని పైళ్లు ఎంత గట్టిగా అడ్డుకుంటే అంత మూమెంట్ వాటి తలల దగ్గర పుడుతుంది. దృఢత్వాన్ని తక్కువ చేసి చూపడం అన్నివేళలా సురక్షితమేమీ కాదు.

బిగింపు గురించి ఒక అపోహ

గొట్టం కాంక్రీటుని నాలుగు పక్కలా బిగించి పట్టుకుంటుంది, అందుకే బలం పెరుగుతుంది అని చాలామంది చెబుతారు. ఇందులో సగమే నిజం. ఎడ్లబండి చక్రానికి ఇనప పట్టాని కాల్చి ఎక్కించి నీళ్లు పోస్తారు. చల్లారిన క్షణం నుంచే అది చెక్కని నొక్కి పట్టుకుంటుంది. మన గొట్టం ఆ పట్టా లాంటిది కాదు. బరువు పడినప్పుడు ఉక్కు నిలువునా కుంచించుకున్న దానిలో 0.3 వంతు పక్కకి ఉబ్బుతుంది, మామూలు ఒత్తిడిలో కాంక్రీటు 0.2కి అటూ ఇటూ. అంటే తొలి దశలో కాంక్రీటు కంటే గొట్టమే ఎక్కువ ఉబ్బి, దాన్నుంచి దూరం జరగాలని చూస్తుంది. కాంక్రీటు తన బలం అంచుకి చేరి, లోపల సన్నని పగుళ్లతో బొద్దుగా ఉబ్బినప్పుడే గోడని నెడుతుంది. అసలు బిగింపు అప్పుడు మొదలవుతుంది. రోజువారీ బరువుల దగ్గర బిగింపు లేనట్టే. యూరోకోడ్ కూడా పొట్టి స్తంభానికి, బరువు దాదాపు నడిమధ్యన పడినప్పుడు మాత్రమే ఆ అదనపు బలాన్ని ఒప్పుకుంటుంది. పక్కబలంతో వంగే వంతెన పైల్ ఆ జాబితాలోకి రాదు.

మిగిలింది ఉక్కు, కాంక్రీటుల మధ్య అతుకు. రెండూ కలిసి వంగాలంటే ఒకదాన్నుంచి ఇంకోదానికి బలం జారకుండా చేరాలి. ఇక్కడ కోడ్‌ల మధ్య తేడా చూస్తే ఆశ్చర్యమేస్తుంది. గుండ్రటి గొట్టానికి యూరోకోడ్ చదరపు మి.మీ.కి 0.55 న్యూటన్ల అతుకు బలం ఇస్తుంది, వ్యాసం ఎంతన్నది పట్టించుకోదు. అమెరికా ఉక్కు కోడ్ సూత్రంలో వ్యాసం పెరిగేకొద్దీ అతుకు పడిపోతుంది. మన 1200 మి.మీ. గొట్టానికి అది 0.06 కూడా రాదు. తొమ్మిది రెట్లు తేడా. పెద్ద గొట్టాల విషయంలో అమెరికా లెక్కే నేలకి దగ్గరగా ఉంది. వ్యాసం పెద్దదైతే కాంక్రీటు కొంచెం ముడుచుకున్నా గోడ దగ్గర సందు ఏర్పడుతుంది, పలచటి గోడ దాన్ని వెంబడించి పట్టుకోలేదు. రోడర్ బృందం ముడుచుకోని, కొద్దిగా వ్యాకోచించే కాంక్రీటు వాడమన్నదీ ఇందుకే.

సైటులో ఇది ఎలా ఉంటుందో గొట్టంలోకి టార్చి వేసి చూస్తే తెలుస్తుంది. లోపలి గోడ మీద పొలుసు తుప్పు ఉంటుంది, దాని మీద జారుడుగా బెంటొనైట్ బంకమట్టి పూత. తవ్వేటప్పుడు గుంత గోడ కూలకుండా ఆ బురద కావాలి. కాంక్రీటు పోసేటప్పుడు అదే బురద రెండిటి మధ్య పొరగా మిగిలిపోతుంది. లైనర్‌కైతే ఇది సమస్యే కాదు. గొట్టాన్ని బలంగా లెక్కగడితే మాత్రం కేజ్ దించే ముందు లోపలి గోడని బ్రష్‌తో గీకి శుభ్రం చేయాలి, లేదా లోపలివైపు ఉక్కు రింగులు వెల్డ్ చేయాలి. కాయిల్ చుట్టి చేసే స్పైరల్ గొట్టాల్లో లోపలికి పొడుచుకొచ్చే వెల్డ్ కట్టు కొంత పట్టునిస్తుంది, అది దొరికిన లాభం. వంపు వల్ల కూడా గోడ, కాంక్రీటు ఒకదానికొకటి ఒరుసుకుని కొంత పట్టు పుడుతుంది. కాబట్టి పైల్ మధ్య భాగంలో భయం తక్కువ. భయమంతా గొట్టం రెండు చివర్ల దగ్గరే.

కోత ఎక్కడ, గరిష్ఠ వంపు ఎక్కడ

వేసవిలో వంశధార ఇసుక మీద నడిచి అవతలి గట్టుకి వెళ్లే చోట్లున్నాయి. వరదలో ఆ ఇసుక ఉండదు. ఐఆర్‌సీ 78 వాడే లేసీ పద్ధతిలో లెక్క ఇలా సాగుతుంది: మీటరు వెడల్పుకి సెకనుకి పారే నీటి వర్గాన్ని ఇసుక గుణకంతో భాగించి, ఘనమూలం తీసి, 1.34తో గుణిస్తే సగటు కోత లోతు వస్తుంది. స్తంభం దగ్గర దానికి రెట్టింపు. మీటరుకి 10 ఘనపు మీటర్ల ప్రవాహం, సగటున అర మి.మీ. ఇసుక అనుకుంటే సగటు 5.8 మీటర్లు. స్తంభం దగ్గర గరిష్ఠ వరద మట్టం నుంచి దాదాపు 11.5 మీటర్లు. ఇవి లెక్క తీరు చూపడానికి తీసుకున్న అంకెలు, ఫలానా వంతెనవి కావు. 2018 అక్టోబరు 11 వేకువజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి, వరద ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. కోత పడిన పైల్‌కి పక్కబలం కూడా తగిలే రోజు అలాంటిదే.

కోత తర్వాత ఇసుక ఆసరా లేని పొడవులో పైల్ తల కదలిక ఆ పొడవు ఘనానికి అనుగుణంగా పెరుగుతుంది, దృఢత్వానికి విలోమంగా తగ్గుతుంది. ఇక్కడ గొట్టం చేసే సాయం నేరుగా కనబడుతుంది. ఇసుకలో ఉన్న భాగంలో సంగతి వేరు. పైళ్ల కోడ్ ఐఎస్ 2911లోని లక్షణ పొడవు, అంటే వంపు ఎంత లోతుదాకా పాకుతుందో చెప్పే కొలత, దృఢత్వపు అయిదో మూలాన్ని బట్టి మారుతుంది. దృఢత్వం రెట్టింపయితే ఆ పొడవు పెరిగేది 15 శాతమే. నీటిలో మునిగిన మధ్యస్థ ఇసుకలో మన ఉదాహరణకి ఇది నాలుగు మీటర్ల దగ్గర ఉంటుంది.

అసలు ముడి ఇక్కడుంది. గరిష్ఠ మూమెంట్ నదీ గర్భం మట్టంలో పుట్టదు. ఇసుక పక్కకి ఆపడం మొదలుపెట్టిన తర్వాత, ఇంకా కిందన పుడుతుంది. ఈ ఉదాహరణలో కోత మట్టానికి రెండున్నర నుంచి అయిదు మీటర్ల దిగువన. కోత, రాపిడి ఉన్న నదుల్లో పర్మనెంట్ లైనర్ గరిష్ఠ కోత మట్టం దాకా ఉంటే సరిపోతుందన్నది మామూలు పద్ధతి. అంటే గొట్టం అయిపోయిన కొద్ది మీటర్ల కిందే పైల్ ఎక్కువగా వంగుతుంది. లైనర్‌ని లెక్కగట్టనంతవరకు ఇందులో తప్పు లేదు, ఊచలే అక్కడ మోస్తాయి. గొట్టాన్ని బలంగా లెక్కగట్టి ఊచలు తగ్గించి, గొట్టాన్ని మాత్రం పాత అలవాటు ప్రకారం కోత మట్టం దగ్గరే ఆపితే అది పెద్ద పొరపాటు. గట్టి భాగం ముగిసి మెత్తటి భాగం మొదలయ్యే చోటే గరిష్ఠ వంపు వచ్చి కూర్చుంటుంది. గొట్టం కనీసం ఆ మూమెంట్ శిఖరం దాటి, మూమెంట్ సగానికి పడిపోయేదాకా దిగాలి. అక్కడి నుంచి కిందికి కేజ్ సరిపోతుంది. తూర్పు కనుమల ఖోండలైట్ రాయి పైపొర పిడికిట్లో చిదిమితే పొడయ్యేంతగా క్రుళ్లిన చోట్ల, గొట్టం రాయి తగిలి ఆగిందా, గులకరాయి పొర తగిలి ఆగిందా అన్నది హ్యామర్ శబ్దం చూసి తేల్చేయకూడదు.

షియర్ (స్తంభాన్ని అడ్డంగా కోసే బలం) గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పాత నిబంధనలు గొట్టం వాటానో, కాంక్రీటు వాటానో ఒక్కటే ఇచ్చేవి. పరీక్షల్లో రెండూ కలిసి అంతకంటే చాలా ఎక్కువ మోశాయి.

ఉప్పు చేసే కోత

కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలిసే చోట, మూలపేట రేవు చుట్టుపక్కల ఉప్పుటేర్లలో, కోనాడ దగ్గర చంపావతి ముఖద్వారంలో గొట్టానికి అసలు శత్రువు తుప్పు. అది పైనుంచి కిందిదాకా ఒకేలా తినదు. యూరోకోడ్ 3 అయిదో భాగం సమశీతోష్ణ దేశాలకి ఇచ్చిన అంకెలు చూడండి. కదలని సహజ మట్టిలో వందేళ్లకి 1.2 మి.మీ. ఎప్పుడూ నీళ్లలో ఉండే చోట 3.5 మి.మీ. కెరటాల తుంపర పడుతూ ఆరుతూ ఉండే చోట 7.5 మి.మీ. మన తీరం వేడిమి ఎక్కువ కాబట్టి వీటిని ఇక్కడ కనిష్ఠంగానే చూడాలి.

మన 16 మి.మీ. గొట్టానికి ఇవే వేసి చూద్దాం. మట్టిలో ఉన్న భాగం వందేళ్లకి 14.8 మి.మీ.కి దిగుతుంది. వ్యాసం–మందం నిష్పత్తి 81, ఇంకా రెండు హద్దుల్లోపలే ఉంది. తుంపర పడే భాగం 8.5 మి.మీ.కి దిగుతుంది. నిష్పత్తి 139, రెండు హద్దులూ దాటిపోయింది. ఉక్కు వైశాల్యం, ఉక్కు దృఢత్వం రెండూ దాదాపు సగానికి పడిపోయాయి. ఒకే గొట్టం, ఒకే ప్లేటు, పది మీటర్ల తేడాలో ఒక చోట స్తంభం, ఇంకో చోట లైనర్. పోటు తగ్గినప్పుడు పాత లైనర్ల మీద ఈ గీత కంటికే కనిపిస్తుంది. నీటి మట్టానికి కాస్త పైన ఒక పట్టీలో తుప్పు పొరలు పొరలుగా లేచి, చేత్తో లాగితే ఊడి వస్తుంది. కింద నాచు పట్టిన భాగం దానికంటే నున్నగా ఉంటుంది.

దీన్నిబట్టి కింద నమ్మి పైన వదిలేస్తే సరిపోతుందనిపిస్తుంది. కానీ పైల్ క్యాప్‌లో (పైళ్ల తలల్ని కలిపే కాంక్రీటు దిమ్మలో) బిగించిన పైళ్ల గుంపుకి మూమెంట్ శిఖరాలు రెండు. ఒకటి ఇసుక లోపల, రెండోది సరిగ్గా క్యాప్ అడుగున. ఉప్పుటేటిలో క్యాప్‌ని నీటి మట్టానికి దగ్గరగా పోయడం అలవాటు. అంటే పై శిఖరం తుప్పు పట్టీలోనే పడుతుంది. అక్కడ మూమెంట్ మొత్తాన్ని ఊచలే మోసేలా కేజ్ ఉండాలి, గొట్టం సాయాన్ని సున్నా అనుకోవాలి. కింది శిఖరం దగ్గర గొట్టాన్ని తుప్పు పోను మిగిలే మందంతో లెక్కగట్టొచ్చు. దీనివల్ల కేజ్ పైన బరువుగా, మధ్యలో తేలికగా ఉంటుంది. సైటులో దీనికి అలవాటు పడటం కష్టమే, తలకిందులుగా దించే ప్రమాదమూ ఉంది. పైపూత, కాంక్రీటు జాకెట్ ఆయుష్షు పెంచుతాయి. కాథోడిక్ రక్షణ (విద్యుత్ ప్రవాహంతో తుప్పుని ఆపే పద్ధతి) నీట మునిగిన చోటే పనిచేస్తుంది, తుంపర పట్టీలో కాదు.

డబ్బు లెక్క కూడా చూడాలి. 6 మి.మీ. లైనర్ మీటరుకి 177 కిలోలు, 16 మి.మీ. గొట్టం 467 కిలోలు. 15 మీటర్లకి ఒక్కో పైల్ మీద అదనంగా నాలుగు టన్నుల పైచిలుకు. ఒక శాతం ఊచలున్న కేజ్‌లో నిలువు ఊచల బరువు మీటరుకి 89 కిలోలే. కాబట్టి ఉక్కు ఆదా అవుతుందని ఎవరైనా అంటే నమ్మకూడదు. పైగా పక్కనే ఉన్న విశాఖ ఉక్కు కర్మాగారం ఊచలు, తీగ, స్ట్రక్చరల్స్ చేస్తుంది, ప్లేటు చేయదు. ప్లేటు రూర్కెలా నుంచో భిలాయ్ నుంచో రావాలి. గొట్టం లాభం వేరే చోట ఉంది: తక్కువ పైళ్లు, చిన్న క్యాప్, రెండు వర్షాకాలాల మధ్య దొరికే కొద్ది నెలల్లో పని ముగియడం. నాగావళి ఎగువన, కోత తక్కువగా ఉండి రాయి దగ్గరలో దొరికే చోట ఈ లాభం రాదు. అక్కడ మామూలు పైల్, పలచటి లైనర్ చాలు. లోతైన కోత ఉన్న వంశధార దిగువన, ఉప్పుటేర్లలో లెక్క మారుతుంది.

మారితే వెల్డింగూ మారాలి. లైనర్ ముక్కల్ని అతకడానికి చుట్టూ పట్టీ వేసి ఫిల్లెట్ వెల్డ్ చేస్తే సరిపోతుంది. బలంగా లెక్కగట్టిన గొట్టానికి అంచు చెక్కి, మందం మొత్తానికీ దిగే బట్ వెల్డ్ కావాలి, అల్ట్రాసోనిక్ పరీక్ష కావాలి. గాలిలో నిలబెట్టిన గొట్టం చుట్టూ వెల్డర్ తిరుగుతూ వేసే ఈ అతుకు గరిష్ఠ మూమెంట్ మట్టంలో పడకుండా ముక్కల పొడవుని ముందే చూసుకోవాలి. క్యాప్ దగ్గర కూడా పైల్ తలని చిప్పింగ్ చేసి ఊచలు బయటపెడితే సరిపోదు. గొట్టం క్యాప్ లోపలికి చొచ్చుకెళ్లాలి, దాని చివర రింగు ప్లేటు ఉంటే ఇంకా మంచిది.

చివరగా పక్కబలపు లోడ్ టెస్టు. ఐఎస్ 2911 నాలుగో భాగం ప్రకారం పైల్ తల 5 మి.మీ. కదిలినప్పటి బలాన్ని, 12 మి.మీ. కదిలినప్పటి బలంలో సగాన్ని చూసి, తక్కువది సురక్షిత బలంగా తీసుకుంటారు. ఈ టెస్టు చేసేది ఎండాకాలంలో, నది నిండా ఇసుక ఉన్నప్పుడు, కొత్త గొట్టం మీద. లెక్కలో పెట్టని లైనర్ కూడా ఆ రోజు పూర్తిగా పనిచేస్తుంది, కాబట్టి ఫలితం ఎప్పుడూ బాగానే వస్తుంది. ఆ రీడింగుల నుంచి ముందు ఇసుక గట్టిదనాన్ని వెనక్కి రాబట్టాలి. తర్వాత పైనున్న కోత లోతు ఇసుకని తీసేసి, గొట్టంలో ఒక్కో మట్టానికి పోయే మి.మీ. తీసేసి, కదలికని మళ్లీ లెక్కగట్టాలి. టెస్టు రిపోర్టు వెనక ఆ రెండో లెక్క జతచేయకుండా పైళ్ల సంఖ్య తగ్గించమని అడిగే కాంట్రాక్టరుకి ఒప్పుకోవాల్సిన అవసరం లేదు.